నాలుగు నర్సరీలు

నాన్న పెద్దకార్యం అయిన వారానికి కడియంలో మా కౌలు నేల ఆసామికి తిరిగి అప్పజెప్పాల్సి వచ్చింది. అమ్మా నేనూ రాజమండ్రి నుంచి ఆటోలో వెళ్ళాం. అప్పజెప్పడానికి అక్కడ గొప్ప ఆస్తులేమీ లేవు. అరెకరం నేల, సగానికి పైగా ఖాళీ అయిపోయిన మొక్కల వరసలు, ఒక తాటాకు పాక, అందులో రెండు గునపాలు, చిల్లు పడ్డ నీళ్ళ క్యాను, ఇంకా నాన్న రేకు డబ్బా. ఎప్పుడో ఎవరో ఇచ్చిన బిస్కెట్ల డబ్బా అది. చిన్నప్పుడు దాన్ని ముట్టుకుంటే నా వీపు చిట్లేది. ఇప్పుడు కొట్టేవాళ్ళు లేరు కదా అని మూత తీశాను. నూనెగుడ్డలో చుట్టిన అంటుకత్తి, అరిగిపోయిన సానరాయి, అంట్లకు చుట్టే ప్లాస్టిక్ పట్టీలు, మొక్కల పేర్లు గీకి వేలాడదీసే రేకు బిళ్ళలు, అన్నీ అందులో ఉండాల్సినవే. అడుగున మాత్రం ఉండకూడనిది ఒకటుంది. ఆసుపత్రుల్లో గాయాలకు అంటించే తెల్ల పట్టీ ముక్క, నా చిటికెన వేలికి కూడా బిగుతయ్యేంత చిన్న చుట్ట. మెల్లగా విప్పితే వెలిసిపోయిన సిరాతో ఇంగ్లీషు అక్షరాలు కనిపించాయి. బేబీ ఆఫ్ సత్యవతి. దాని కింద, నర్సరీ.

సత్యవతి మా అమ్మ. ఆ బేబీ నా చెల్లెలు. పదిహేడు రోజులు బతికింది, పేరు పెట్టలేదు. ఆ పిల్ల చావుకి కారణం మా నాన్నే అని పదేళ్ళ వయసు నుంచి నమ్ముతూ వచ్చాను. నమ్మి ఊరుకున్నా బాగుండేది. ఒకసారి ఆయన మొహం మీదే అనేశాను.

నర్సరీ అన్న ఇంగ్లీషు మాట మా ఇంట్లోకి చదువు వల్ల రాలేదు. మా నానమ్మ వేలిముద్ర మనిషి, అయినా రోజుకి పాతికసార్లు నర్సరీ అనేది. కడియంలో అది ఉప్పూ పప్పూ లాంటి మాట. తెల్లారితే ఆడామగా నర్సరీకే వెళ్ళేవారు, లారీలు నర్సరీల దగ్గరే ఆగేవి, పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు కూడా కుర్రాడికి ఏ నర్సరీలో పని అని అడిగేవారు. మా ఇంట్లో పొద్దు వేపపిండి వాసనతో మొదలయ్యేది. ఎర్రమట్టి, చివికిన పశువుల ఎరువు, ఇసుక, వేపపిండి కలిపి ముందురోజే నీళ్ళు చల్లి ఉంచేవారు. అమ్మా నానమ్మా చెరోపక్క చతికిలబడి ఆ మట్టిని నల్ల ప్లాస్టిక్ కవర్లలోకి కూరేవారు. అమ్మ ఎంత తోముకున్నా వేళ్ళకు ఆ వాసన పోయేది కాదు, ఆవిడ కలిపిన అన్నం ముద్ద కూడా వేపపిండి వాసనే వేసేది. నేను మొహం తిప్పుకుంటే నానమ్మ, "తినవే, కడుపులో పురుగులు సస్తాయి" అనేది. నిండిన ప్రతి కవరునీ ఆవిడ అరచేత్తో ఒకసారి తట్టి పక్కన పెట్టేది. ఎందుకలా అంటే, "లోపల గాలుంటే వేరు ఎండిపోద్దే" అనేది. వందలకొద్దీ కవర్లలో ఒక్కటి కూడా తట్టకుండా పెట్టగా నేను చూడలేదు.

నాన్న అంట్లు కట్టే మనిషి. మా అరెకరంతో పాటు పెద్ద నర్సరీల వాళ్ళూ పిలిచేవారు. సూర్యం చెయ్యి పడితే ఎండుపుల్లయినా చిగురేస్తుందని ఊళ్ళో పేరు. టెంకమొక్క తల కోసి, దాని మీద మంచి మామిడి కొమ్మని పలకలా చెక్కి కూర్చి, పట్టీ చుట్టడం ఆయనకి రెండు నిమిషాల పని. ఆ తర్వాత చిగురు కనిపించేదాకా దాన్ని ముట్టుకునేవాడు కాదు, ఇంకొకరిని ముట్టనిచ్చేవాడు కాదు. "బతుకుతుందా నాన్నా?" అని అడిగితే జవాబు చెప్పేవాడు కాదు. కట్టినవాడు ఆ మాట అనకూడదని ఆయన పట్టింపు. నాకది చాదస్తంగా ఉండేది.

ఆ మాటకి మా గడపకి ఆవల ఇంకో నాలుగు అర్థాలున్నాయని నాకు ఒక్కొక్కటిగా తెలిసింది. మండపేట దగ్గర మా పెద్దమ్మ వాళ్ళ చేలోకి వ్యవసాయశాఖ ఆయన ఒకరు వచ్చి నారుమడి గట్టు మీద నిలబడి, "మీ నర్సరీ పచ్చబడిందండి" అన్నాడట. పెద్దమ్మ ఆ సంగతి చెబితే మా నానమ్మ మూతి మూడు వంకర్లు తిప్పింది. "నారుమడి అంటానికి ఆయన నోరేం పోయింది?" అంది. పడమర డెల్టాలో చేపల చెరువుల మీద పనిచేసే మా మావయ్య పండక్కి వచ్చినప్పుడల్లా నర్సరీ చెరువు కబుర్లు చెప్పేవాడు. వేలిగోరంత చేపపిల్లల్ని పెద్దచెరువులో నేరుగా పోస్తే పెద్ద చేపలూ కొంగలూ మిగల్చవట. అందుకని చిన్న చెరువులో కొన్నాళ్ళు మేపి, అప్పుడు మారుస్తారట. ఆ తర్వాత మా వీధి చివర ఇంగ్లీషు మీడియం కాన్వెంటు పెట్టారు. రంగుల బోర్డు మీద నర్సరీ, ఎల్.కే.జీ., యూ.కే.జీ. అని రాయించారు. మా నానమ్మకి చదివి చెబితే, "ఆళ్ళేం మొక్కలేస్తారే? స్థలమే లేదు కదా అక్కడ?" అంది. పిల్లల్ని అంటే నమ్మలేదు. ఆ వారమంతా అటు వెళ్ళినప్పుడల్లా గోడ మీంచి తొంగిచూసి వచ్చేది. ఒకరోజు వచ్చి, "నిజమేనే, పిల్లలే. అందరూ ఏడుస్తన్నారు" అంది.

ఇప్పుడాలోచిస్తే అన్నిచోట్లా చేసేది ఒకటే పని. లేతదాన్ని కొన్నాళ్ళు కాచి, పెద్ద లోకంలోకి వదలడం. ఎన్నాళ్ళు కాయాలన్నదే ఒక్కోచోట ఒక్కో లెక్క. మొక్కల లెక్క మా నాన్నకి తెలిసినంతగా చుట్టుపక్కల ఎవరికీ తెలియదు. అంటు చిగురేశాక పందిరి కిందే వదిలేస్తే ఏపుగా, నాజూగ్గా, పాలిపోయి పెరుగుతుంది. చూడ్డానికి ముద్దుగానే ఉంటుంది. అది లారీ ఎక్కి ఏ రాయలసీమకో పోయి ఎండ మొహం చూసిన రోజే తల వాలుస్తుంది. అందుకని ఆయన పందిరి మీద తాటాకులు ఒక్కొక్కటే తీసేవాడు. మొదట పొద్దున్న లేత ఎండ కాసేపు, నాలుగు రోజులాగి మరికాసేపు. నీళ్ళు తగ్గించేవాడు. కవర్లు అటూఇటూ జరిపేవాడు, అడుగునుంచి వేళ్ళు నేలలోకి దిగకుండా. "నీడన ఎక్కువ రోజులుంటే మొక్క పాలిపోద్ది. జాలిపడ్డవాడే దాన్ని సంపుతాడు" అనేవాడు. పనికి కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేవాడు. నాకూ వందసార్లు చెప్పాడు.

చెల్లెలు ఏడో నెలలోనే పుట్టింది. కార్తీకమాసం. కవర్లు నింపుతూ నింపుతూ అమ్మ నడుం పట్టుకుని ఒరిగిపోతే, మొక్కలు ఎక్కించుకోడానికి వచ్చిన వ్యానులోనే రాజమండ్రిలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళారు. నేనూ నానమ్మా ఇంట్లో ఉండిపోయాం. సాయంత్రం నాన్న వచ్చి, "ఆడపిల్లే. నర్సరీలో పెట్టారు" అన్నాడు. నానమ్మ తెల్లబోయి చూసింది. "ఎవరి నర్సరీలోరా? చంటిదాన్ని మట్టిలో పెట్టడమేంట్రా?" అంది. ఆ మాటకి ఇంకో రోజయితే అందరం పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాళ్ళం. నాన్న నవ్వలేదు. నెలలు నిండని పిల్లల్ని వెచ్చగా ఉంచే గది అని, గాజుపెట్టెలో పడుకోబెట్టి పైన దీపం పెడతారని ఓపిగ్గా చెప్పాడు.

నన్ను ఒకసారి తీసుకెళ్ళాడు. అద్దం ఇవతల నిలబడి చూశాను. గాజుపెట్టెలో మావిడిపండు రంగు దీపం కింద, ఎర్రగా, ముడతలు పడి, నా రెండు జానలకి కాస్త పొడుగ్గా ఉంది. ముక్కులో సన్నటి గొట్టం. మణికట్టుకి తెల్ల పట్టీ. "బతుకుద్దా నాన్నా?" అన్నాను. ఆయన జవాబు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నాకు తెలుసు కాబట్టి నేనూ మళ్ళీ అడగలేదు.

పన్నెండోరోజు పొద్దున్న అమ్మానాన్నా పిల్లని తీసుకుని ఇంటికి వచ్చేశారు. ఇంకా పది రోజులుంచాలని డాక్టరుగారు అన్నారని, అయినా నాన్న సంతకం పెట్టి తెచ్చేశాడని, వెంట వెళ్ళిన వ్యాను డ్రైవరు నానమ్మతో చెబుతుంటే విన్నాను. నాకప్పుడు భయం వేయలేదు. సంబరంగా ఉంది. వెదురు బుట్టలో దూది పరిచి పడుకోబెట్టారు. పక్కన ఊకకుంపటి. పొద్దున్నే మంచు విడిచాక నాన్న ఆ బుట్టని పందిరి చివర లేత ఎండ పడేచోట కాసేపు పెట్టేవాడు. మొదటిరోజు అయిదు నిమిషాలు, తర్వాత కాస్త ఎక్కువ. ఈగలు వాలకుండా విసరడం నా పని. నాలుగోరోజుకి పిల్ల పాలు తాగడం తగ్గించింది. కాళ్ళు చల్లబడ్డాయి. కాలవ మీంచి గాలి విసురుగా వీస్తోంది ఆ రోజుల్లో. అయిదోరోజు ఎండెక్కకముందే నాన్న బుట్టతో సహా పిల్లని పట్టుకుని రోడ్డు మీదికి పరుగెత్తాడు. వెనక అమ్మ, అమ్మ చెయ్యి పట్టుకుని నేను.

ఆసుపత్రికి చేరేసరికే అయిపోయింది. డాక్టరుగారు పెద్దావిడ. తిట్టలేదు. స్టెతస్కోపు తీసేసి, "ఎందుకు తీసుకెళ్ళారండీ? పది రోజులాగమన్నాను కదా?" అంది. అమ్మ నోరు తెరవబోయింది. నాన్న అమ్మకి అడ్డంగా ముందుకొచ్చి నిలబడ్డాడు. "నేనేనండి. నేనే తీసుకెళ్ళిందండి" అన్నాడు. అంతే. అది నా చెవులారా విన్నాను. ఇంక నాకు వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది.

కాలవగట్టు దగ్గర పూడ్చిపెట్టారు. నర్సరీల ఊరు కదా, గుర్తుకి ఏదైనా మొక్క పెట్టమని నలుగురూ అన్నారు. నాన్న పెట్టలేదు. చుట్టాలు వచ్చి వెళ్ళారు. వచ్చిన ప్రతివాళ్ళూ వీధి అరుగు దిగుతూ ఒకేమాట అనుకునేవారు, పిల్లని కూడా మొక్కే అనుకున్నాడు సూర్యం అని. మా మేనత్త అయితే ఇంకో అడుగు ముందుకేసి, రెండిటికీ పేరొకటే కదా, అందుకే పొరబడ్డాడని తేల్చేసింది. మా నాన్న అంత తెలివితక్కువవాడు కాదు. ఆసుపత్రిలో ఆ గదికి ఇంకే పేరున్నా ఆయన చేతులు అదే చేసేవి. బతుకంతా చేసిన పని ఆ చేతులకి అదే నేర్పింది. నాకు ఆ తేడా అప్పుడే తెలుసు. తెలిసి కూడా క్షమించలేదు.

ఆ తర్వాత మా ఇంట్లో పొద్దులు అలాగే వేపపిండి వాసనతో మొదలయ్యాయి, కవర్లు నిండాయి, లారీలు వచ్చాయి. ఒకటి మాత్రం మారింది. పందిరి మీద తాటాకు తీసే పని నాన్న మానేశాడు. అంటు కట్టేవాడు, నీళ్ళు పెట్టేవాడు, ఎండలోకి ఎప్పుడు పంపాలో మాత్రం అమ్మని అడిగేవాడు. "ఏమంటావు సత్తీ?" అనేవాడు. ఆవిడ ఒక్కోసారి రెండు రోజులు జవాబు చెప్పేది కాదు. నీడన ఎక్కువ రోజులుంటే అన్న ఆ మాట ఆయన నోట మళ్ళీ వినలేదు. చేసింది తెలుసు కాబట్టే భయమని నేను లోపల్లోపల లెక్క తేల్చుకున్నాను. పదేళ్ళ పిల్ల జడ్జీ అయితే అప్పీలుండదు.

తర్వాత నేను ఇంటరు చదివి, టీచరు ట్రైనింగు పూర్తిచేసి, రాజమండ్రిలో ఒక స్కూల్లో చేరాను. నాకిచ్చింది నర్సరీ క్లాసు. రాసిపెట్టి ఉంది మరి. చేరిన రోజు నాన్న కడియం నుంచి సైకిలు మీద రెండు క్రోటన్ మొక్కలు తెచ్చాడు, గేటుకి అటొకటీ ఇటొకటీ పెట్టడానికి. అప్పుడే పిల్లల్ని వదిలి వెళ్ళే వేళ. లోపల ఇరవైమంది గుక్కపట్టి ఏడుస్తున్నారు, బయట తల్లులు కళ్ళు తుడుచుకుంటున్నారు. నాన్న కిటికీలోంచి చూస్తూ, "మొదట్లో ఎక్కువసేపు ఉంచకమ్మా. ఓ గంట ఉంచి పంపించెయ్యి. రోజుకి కాస్త పెంచుకుంటా ఎల్లు" అన్నాడు. ఆ మాటకి నాకు ఎక్కడలేని మంట పుట్టుకొచ్చింది. "ఇది నీ నర్సరీ కాదు నాన్నా. ఇక్కడివి చచ్చిపోతే ఇంకో కవరు నింపుకోలేం" అన్నాను.

పక్కనున్న ఆయా విని తల దించుకుంది. నాన్న గొయ్యి తీసి, రెండు మొక్కలూ పాతి, కుళాయి దగ్గర చేతులు కడుక్కుని, "ఒస్తానమ్మా" అని వెళ్ళిపోయాడు. మళ్ళీ ఎప్పుడూ మా స్కూలు గేటు దాటి లోపలికి రాలేదు. నేను ఆ క్రోటన్లకి ఒక్క చెంబు నీళ్ళు పోసింది లేదు. ఆయాలు పోశారో, వానలే పోశాయో, గోడెత్తు పెరిగాయి.

ఇప్పుడా మాటే పాతబడింది. మా స్కూల్లో ఆ క్లాసుని ప్రీ ప్రైమరీ అంటున్నారు. ఆసుపత్రిలో ఆ గదికి ఎన్.ఐ.సీ.యూ. అని నాలుగు ఇంగ్లీషు అక్షరాలు తగిలించారు, తలుపు తెరవాలంటే నర్సులకే మూడు తాళాలు. నెలలు నిండని పిల్లని తల్లి రొమ్ము మీదే ఆనించి వెచ్చగా ఉంచమని ఇప్పుడు వాళ్ళే నేర్పుతున్నారట. అప్పుడది ఎవరైనా మా అమ్మకి చెప్పి ఉంటే అని అనుకోవడం ఒట్టి నొప్పి, అయినా అనుకుంటాను. కడియంలో తాటాకు పందిళ్ళ బదులు ఆకుపచ్చ వలలు వచ్చాయి, నీళ్ళు గొట్టాల్లోంచి చుక్కలుగా పడుతున్నాయి. జనం ఆదివారం పూట ఫొటోలు తీసుకోడానికి వస్తున్నారు. నిండిన కవరుని అరచేత్తో తట్టే మనిషి మొన్న ఎంత వెతికినా నాకు కనబడలేదు.

ఆ పట్టీ ముక్క అరచేతిలో పెట్టుకుని పాక బయటికి వచ్చాను. అమ్మ ఖాళీ పందిరి కింద బోర్లించిన కుండీ మీద కూర్చుని ఉంది. చూపించాను. అక్షరాల మీద వేలు పోనిచ్చింది. కళ్ళు తుడుచుకోలేదు.

"దాసుకున్నారా మీ నాన్న ఇది" అంది. ఆ తర్వాత, "పిల్లని తెచ్చేద్దామన్నది నేనేనే పద్మా" అంది.

నేను ఆవిడ పక్కనే మట్టిలో చతికిలబడ్డాను.

"పన్నెండు రోజులు ఒక్కసారి ఎత్తుకోనియ్యలేదు. పక్క మంచాలోళ్ళందరూ పిల్లల్ని పక్కలో ఏసుకుని పడుకునేవారు. నేను గిన్నెలోకి పాలు పిండి లోపలికి పంపేదాన్ని. ఇంటికెళ్ళిపోదారండి అని ఏడిచాను. ఆయన ఒప్పుకోలేదు. డాక్టరమ్మగారు పది రోజులన్నారు సత్తీ, ఆగుదాం అన్నారు. అప్పుడు ఆయన మాటే ఆయనకి అప్పజెప్పాను. నీడన ఎక్కువ రోజులుంటే పాలిపోద్దని మీరే అంటారు కదండీ, ఊరందరి మొక్కలకీ పనికొచ్చిన మాట మన పిల్లకి పనికిరాదా అన్నాను. ఆయన బల్ల మీద కూర్చుండిపోయారు. లేచెళ్ళి సంతకం పెట్టొచ్చారు."

ఎదుటి వరసలో కవర్లకి నీళ్ళు లేక ఆకులు ముడుచుకుని ఉన్నాయి. అటే చూస్తూ అడిగాను. "మరి ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదమ్మా?"

"చెప్పేత్తానన్నాను. నువ్వు స్కూల్లో ఆ మాటన్న రోజు ఆయన ఇంటికొచ్చి అన్నం తినలేదు. ఏంటండీ అంటే చెప్పారు. ఇంక నావల్ల కాదు, రేపే ఎల్లి దానికి చెప్పేత్తాను అన్నాను. వద్దన్నారు. ఆ కోపం చిన్నప్పుడే దానిలో వేళ్ళు పోసుకుంది సత్తీ, ఇప్పుడు పీకి నీ మీద పాతితే పిల్ల తట్టుకోలేదు, ఉన్నచోటే ఉండనీ అన్నారు."

అమ్మ లేచి, పట్టీ ముక్కని నా చేతిలోంచి తీసుకుని, కొంగు చివర ముడివేసుకుంది. ఆసామి మనిషి వచ్చాడు. పాక తాళం ఇచ్చేశాం. ఆటోలో వస్తుంటే దారిపొడవునా రెండువైపులా మొక్కలే. మేమిద్దరం వాటివంక చూడకుండా కూర్చున్నాం.

మర్నాడు స్కూలు తెరవకముందే వెళ్ళాను. కుళాయి కింద బకెట్టు నింపి గేటు దగ్గరి క్రోటన్లకి మోసుకొచ్చి పోశాను. పిల్లల్ని దింపడానికి వచ్చిన ఒక తల్లి, "మేడమ్, ఇంక మేం వెళ్ళిపోవచ్చాండి? వీడు అలవాటు పడతాడా?" అంది. ఇన్నేళ్ళుగా ఆ ప్రశ్నకి నా దగ్గర ఒకే జవాబు ఉండేది, వెళ్ళిపోండి, వాళ్ళే అలవాటు పడతారని. "ఈ రోజుకి ఒక గంట ఉంచుదామండి. రేపు కాస్త పెంచుదాం" అన్నాను. ఆవిడ మొహం తేటపడింది. "మీకు ఇవన్నీ ఎలా తెలుస్తాయండీ?" అంది. మా నాన్న చెప్పారని అన్నాను. రెండోసారి అంటే గాని ఆవిడకి వినపడలేదు.